తుపాను మార్చని తలంపు



మన సంఘములలో తరచుగా చెప్పబడు ఒక కథ కలదు. జాన్ న్యూటన్ అను ఆంగ్ల నావికుడు బానిసలను కొని అమ్ముచు బ్రదుకుచుండెను. ఒక రాత్రి సముద్రము మీద గొప్ప తుపాను లేచెను. అతడు దేవునికి మొఱ్ఱపెట్టెను. ఓడ మునుగక తీరము చేరెను. వెంటనే అతడు ఆ పాడు వర్తకమును విడిచి, బోధకుడై, 'అమేజింగ్ గ్రేస్' అను కీర్తన వ్రాసెను. ఈ కథను నేను చిన్నతనమున మా పల్లెలోని పాకగుడిలో, హరికేన్ లాంతరు వెలుగున వింటిని. చెప్పుచున్న ఉపదేశిగారి గొంతు పూడిపోయెను. మా అమ్మ కొంగుతో కన్నులు తుడుచుకొనెను. ఆమెను చూచి నేనును ఏడ్చితిని. పెద్దవాడనైన తరువాత అనేక కూటములలో నేనును ఈ కథనే చెప్పితిని.

ఈ కథలో తుపాను నిజము. మొఱ్ఱ నిజము. కీర్తన నిజము. "వెంటనే" అను ఒక్క మాట మాత్రము నిజము కాదు.

న్యూటన్ తానే వ్రాసిన పుస్తకములను చదివినప్పుడు ఈ సంగతి నాకు తెలిసెను. తెలిసినను నమ్ముటకు మనసు రాలేదు. సంవత్సరములను వ్రేళ్లమీద మరల మరల లెక్కించితిని. అచ్చులో తప్పు పడినదేమో అనుకొంటిని. ఎందుకనగా నా నమ్మకమునకు ఆధారము తేదీలు కావు. ఆ లాంతరు వెలుగు, మా అమ్మ కన్నీరు. మన అభిప్రాయములు అనేకము ఇట్లే పుట్టును. ముందు హృదయము కదలును. దాని వెంట తలంపు పాతుకొనును. ఇది నిజమా అని విచారించుట అన్నిటికంటె వెనుక వచ్చును, లేదా రానే రాదు. ఇది మంచిదా, చెడ్డదా? న్యూటన్ వ్రాసిన రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినయెడల దీనికి జవాబు దొరకునని నా తలంపు.

మొదట అతని జీవితములోని సంవత్సరములను చెప్పవలెను. న్యూటన్ 1725లో లండనులో పుట్టెను. ఏడేండ్లు నిండకముందే తల్లి చనిపోయెను. 1744లో అతనిని బలవంతముగా యుద్ధనౌకలో చేర్చిరి. పారిపోగా పట్టుకొని కొరడాలతో కొట్టిరి. తరువాత అతడు ఆఫ్రికా పడమటి తీరమున, ప్లాంటేన్ దీవులలో, ఒక తెల్ల వర్తకుని క్రింద పనికి కుదిరి, జ్వరముతోను ఆకలితోను కృశించెను. అక్కడనుండి విడిపించబడి స్వదేశమునకు వచ్చుచుండగా, 1748 మార్చి నెలలో ఆ తుపాను పట్టుకొనెను. అప్పటికి అతనికి 22 ఏండ్లు.

ఆ తుపాను తరువాత అతడేమి చేసెను? అదే సంవత్సరము మరియొక బానిస ఓడలో రెండవ అధికారిగా వెళ్లెను. 1750 మొదలుకొని 1754 వరకు తానే కెప్టెనుగా మూడు ప్రయాణములు చేసెను. ఆదివారమున నావికులను కూర్చి ఆరాధన జరిపించెను. ఆ పలకల క్రిందనే స్త్రీ పురుషులు సంకెళ్లతో పడియుండిరి. 1754లో నాల్గవ ప్రయాణమునకు ఇంక రెండు దినములుండగా అతనికి మూర్ఛ వచ్చెను. అందుచేత ఓడ పని మానెను. అతనిని ఆ వర్తకమునుండి తప్పించినది మనస్సాక్షి కాదు, వ్యాధి.

ఇప్పుడు మొదటి పుస్తకమునకు వత్తము. ఇది 1764లో అచ్చుపడెను. 14 ఉత్తరముల రూపమున వ్రాసిన తన ఆత్మీయ వృత్తాంతము. ఇందులో తుపానును గూర్చిన భాగము చదువువాని గుండెను పట్టుకొనును. అర్ధరాత్రి అల కొట్టి ఓడ ప్రక్క పగిలెను. అతడు పైకి ఎక్కబోవుచుండగా కత్తి తెమ్మని కెప్టెను వెనుకకు పంపెను. అతనికి బదులుగా పైకి ఎక్కిన మనుష్యుని అల కొట్టుకొనిపోయెను. తెల్లవారుజామున 3 గంటలనుండి మధ్యాహ్నము వరకు అతడు నీళ్లు తోడుచుండెను. ఈ సంగతులలో అలంకారమేమియు లేదు. చూచినవాడు చూచినట్లు చెప్పుచున్నాడు. ఆ దినమును అతడు బ్రదికినంత కాలము, ఏటేట, ప్రార్థనతో జ్ఞాపకము చేసికొనుచుండెను. దేవుడు నా మొఱ్ఱ వినెను అను నమ్మకము 59 ఏండ్లు అతనిలో కదలక నిలిచెను. కనుక అనుభవమువలన పుట్టిన అభిప్రాయము ఊరకే కొట్టుకొనిపోవునది కాదు. ఈ విషయములో ఆ పుస్తకము గొప్ప సాక్ష్యము.

అయితే అదే పుస్తకములో మరియొక చోటు కలదు. దానిని మనము గబగబ దాటిపోవుదుము. ఆ దీవులలో తాను ఆకలితో చచ్చుచున్నప్పుడు, సంకెళ్లలోనున్న బానిసలే తమకు పెట్టిన కొద్దిపాటి కూటిలోనుండి కొంత తీసి, ఎవరికిని కనబడకుండ తనకు తెచ్చి ఇచ్చిరని అతడు వ్రాసెను. అట్టివారి చేతికూడు తిన్నవాడు కొన్ని ఏండ్లకు అట్టివారినే కొని అమ్మెను! అంతేకాదు, ఆ వర్తకములో నుండగా అది న్యాయమా అను సందేహము తనకు ఎన్నడును కలుగలేదనియు, అది దైవము తనకు ఏర్పరచిన పనియేనని తృప్తిపడితిననియు అదే పుస్తకములో చెప్పుచున్నాడు. సంకెళ్లతోను తాళములతోను పనిచేయుట మనసునకు కష్టముగా నుండి, ఇంతకంటె దయగల పని ఇమ్మని ప్రార్థించితినని కూడ చెప్పుచున్నాడు. అనగా హృదయములో ముల్లు గుచ్చుకొనుచున్నది గాని తలంపు మాత్రము మారలేదు.

ఇది ఎట్లు సంభవించెను? నాకు తోచినది చెప్పెదను. తుపానులో అతడు పడిన భయము తన ప్రాణమును గూర్చినది. ఆ భయమునుండి పుట్టిన నమ్మకము కూడ తనను గూర్చినదే: నేను పాపిని, నేను మునుగుచుంటిని, నేను రక్షింపబడితిని. ఇదంతయు నిజమే. అయినను భావము ఎంత వెడల్పు గలదో, దానినుండి పుట్టు అభిప్రాయము కూడ అంతే వెడల్పు గలదై యుండును. ఓడ అడుగున నున్నవారు ఆ భావములో లేరు. కనుక ఆ నమ్మకములోను లేరు. ఇంకొక ప్రమాదము కూడ కలదు. నన్ను కాపాడినవాడే ఈ పని నాకిచ్చెను అని అతని కృతజ్ఞతయే ఆ చెడుపనికి దీవెన పలికెను. ఈ లోపమును ఆ పుస్తకము తానై గుర్తించలేదు. గుర్తించలేకపోవుటయే దాని గొప్ప లోపము.

రెండవ పుస్తకము 1788లో వచ్చెను. ఆఫ్రికా బానిస వర్తకమును గూర్చిన తలంపులు అని దాని పేరునకు అర్థము. వర్తకము మాని అప్పటికి 34 ఏండ్లాయెను. ఈ మధ్య కాలములో అతడు ఓల్నీ అను చిన్న ఊరిలో, మన నర్సాపురము వైపు స్త్రీలవలె లేసు అల్లి పొట్టపోసికొను బీదల మధ్య, కాపరియై యుండెను. 1773 జనవరి 1వ తేదీన ఆ కీర్తన మొదట వినిపించినది అక్కడనే. కీర్తన వచ్చిన నాటికి కూడ అతడు ఆ వర్తకమునకు విరోధముగా ఏ పుస్తకమును అచ్చువేసి యుండలేదు. పిమ్మట లండనునకు వచ్చెను. 1785లో విల్బర్‌ఫోర్సు అను పార్లమెంటు సభ్యుడు అతనియొద్దకు ఆలోచన కొరకు వచ్చెను. బానిస వర్తకమును ఆపవలెనను ఉద్యమము లేచినప్పుడు, అరువది దాటిన ఆ వృద్ధుడు ఇంక మౌనముగానుండుట నేరమని చెప్పి కలము పట్టెను.

ఈ పుస్తకము చిన్నది. ఇందులో తుపాను ప్రధానము కాదు. ఓడ అడుగు ప్రధానము. మనుష్యులను అరలలో పుస్తకములవలె ప్రక్కప్రక్కన ఇరికించిన విధమును, ఉదయమున చూచునప్పటికి ఒకే సంకెలలో బ్రదికినవానితో చచ్చినవాడుండుటను చెప్పుచున్నాడు. ఒక పడవలో ఏడాది బిడ్డ రాత్రి ఏడ్చుచు ఓడ అధికారికి నిద్రాభంగము చేసెను. అతడు కోపముతో లేచి, బిడ్డను తల్లి చేతులనుండి లాగి సముద్రములో పారవేసెను. తల్లిని పారవేయలేదు, ఆమెకు వెల కలదు గదా! ఆమె రోదనమును మాత్రము అతడు వినక తప్పలేదు. ఈ సంగతి చెప్పి న్యూటన్, బిడ్డను ఎత్తుకొనిన ప్రతి తల్లి జాలిపడునని నమ్ముచున్నాడు. ఒకప్పుడు తన కొరకే కదలిన హృదయము ఇప్పుడు పేరు తెలియని ఒక తల్లి కొరకు కదలుచున్నది. ఈ పని చేయువారి గుండె క్రమక్రమముగా మొద్దుబారునని కూడ వ్రాసెను. అది తాను ఎరిగిన గుండె గనుక ఆ మాటకు బలము కలదు.

ఈ పుస్తకములోను లోపము లేకపోలేదు. అతడు ముందుగా తెల్ల నావికులకు కలుగు నష్టమును చెప్పి, ఆ తరువాతనే నల్లవారి బాధకు వచ్చెను. వినువారు ఎట్టివారో ఎరిగి అట్లు చేసియుండవచ్చును. అయినను ఆ వరుస మనసునకు నొప్పి కలిగించును. బొటనవ్రేళ్లను నొక్కు ఇనుప మరల హింసను తాను చూచితినని వ్రాసెను. తానే పెట్టించితినని వ్రాయలేదు. అతని ఓడ దినచర్య పుస్తకములోనైతే, 1752లో కొందరు పిల్లలచేత కుట్రను ఒప్పించుటకు తాను ఆ మరలు బిగించినట్లు అతని చేవ్రాతయే చెప్పుచున్నది. "నేను చూచితిని" అనుట కంటె "నేను చేసితిని" అనుట ఎంత కష్టము! అయినను, తానును ఆ వర్తకములో పనిముట్టునైతినని సిగ్గుతో ఒప్పుకొనెను. తన ఒప్పుకోలు ఆలస్యముగా వచ్చుచున్నదని దాచక చెప్పెను. అందుచేత రెండింటిలో గొప్ప పుస్తకము ఇదియేనని నా అభిప్రాయము. మొదటిది మనలను ఏడ్పించును; రెండవది మనలను సిగ్గుపరచును.

ఆదికాండములోను ఇట్టిదే ఒకటి కలదు. 37వ అధ్యాయములో అన్నలు యోసేపును గుంటలో పడద్రోసి అమ్మివేసిరి. అతడు ఏడ్చినట్లు ఆ అధ్యాయములో ఒక్క మాటయు లేదు. వారు కూర్చుండి భోజనము చేసిరని మాత్రమే యున్నది. అనేక సంవత్సరములైన తరువాత, 42వ అధ్యాయములో, తమకే ఇక్కట్టు కలిగినప్పుడు, తమ్ముడు బ్రతిమాలుకొనినను తాము వినలేదని ఒకరితో ఒకరు చెప్పుకొనిరి. అంతవరకు ఆ ఏడ్పు ఎక్కడనుండెను? వారి చెవులలోనే యుండెను.

చదువరులారా, మన చెవులలో ఎవరి ఏడ్పు కలదు? మన సాక్ష్యపు కూటములలో జ్వరము తగ్గినది చెప్పుదుము, అప్పు తీరినది చెప్పుదుము, వరదలో ఎద్దులు దక్కినది చెప్పుదుము. మంచిదే. మన పెద్దలు హోటలు బయట వేరు గ్లాసుతో త్రాగినది, ఊరి బావియొద్ద కడవ దించనీయక తరిమినది మనము మరువము, మరువకూడదు. కాని ఆ అవమానమును ఎరిగిన మనమే, అవతలి పేట విశ్వాసితో వియ్యమందుటకు వెనుకాడుదుము. బల్లయొద్దకు ఎవరు ముందు రావలెనో చూచుదుము. సమాధుల దొడ్డిలో గట్లు వేయుదుము. బానిసల కూడు తిని బానిసలను అమ్మినవానికిని మనకును భేదమెంత? మనకు కలిగిన గాయము మన అభిప్రాయమును దిద్దినది. మనవలన కలిగిన గాయమునకు ఇంకను ఆ అవకాశము ఇయ్యలేదు.

చట్టము కొంత పని చేయును. 1807 మార్చిలో ఆంగ్ల పార్లమెంటు చట్టము బానిస వర్తకమును నిషేధించెను. న్యూటన్ దానిని చూచి, ఆ డిసెంబరులో కన్నుమూసెను. మన దేశమున 1843లో బానిసత్వమునకు విరోధముగా చట్టము వచ్చెను; 1950లో రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసెను. అవి చేతిని పట్టి ఆపును. కాని చిన్ననాడు అమ్మ ఒడిలో, "వారి ఇంట నీళ్లు త్రాగకు" అను ఒక్క మాటతో నాటబడిన తలంపును పెరికివేయుట మన పని.

ఇప్పుడు కూడ న్యూటన్ కథను కూటములలో చెప్పుచునే యున్నాను. "వెంటనే" అను మాట తీసివేసి, వర్తకము మానిన 34 ఏండ్లకు గాని దానికి విరోధముగా పుస్తకము వ్రాయలేదని చెప్పుచున్నాను. మొదటిసారి అట్లు చెప్పినప్పుడు ఒక ముసలమ్మ నాయొద్దకు వచ్చి, "అయ్యా, అన్నేండ్లా? ఆ అమ్మబడినవాళ్లు అన్నేండ్లు ఏమైరి?" అని అడిగెను. చిన్నతనమునుండి ఎన్నో మారులు ఆ కథ విని ఏడ్చిన నాకు, ఆ ప్రశ్న ఒక్కసారియు తట్టలేదు.

ప్రభువు మనకు మన రక్షణ దినమును జ్ఞాపకముంచుకొను హృదయము ననుగ్రహించును గాక. ఆ దినమున మన ఓడ అడుగున ఎవరుండిరో అడుగు ధైర్యమును కూడ అనుగ్రహించును గాక.