ఏనుగెక్కిన ఫాక్స్ దొర

1783 డిసెంబరులో లండన్ బొమ్మల దుకాణాల అద్దాల వెనక ఒక ఏనుగు కనిపించింది. దాని మీద తలపాగా చుట్టి, నవాబు వేషం కట్టిన మంత్రి చార్లెస్ జేమ్స్ ఫాక్స్. ఏనుగు మొహం లార్డ్ నార్త్‌ది. ఏళ్ల తరబడి ఫాక్స్ తిట్టిపోసిన ఆ మాజీ ప్రధాని ఇప్పుడు ఆయనతో కలిసి ప్రభుత్వం నడుపుతున్నాడు మరి! ముందు బూర ఊదుతూ ఫాక్స్ పక్షపు వక్త ఎడ్మండ్ బర్క్. ఊరేగింపు వెళ్లేది లెడెన్‌హాల్ వీధిలోని ఈస్టిండియా కంపెనీ గుమ్మానికి. ఫాక్స్‌కు 'కార్లో ఖాన్' అని పేరు పెట్టి ఈ బొమ్మ గీసినవాడు జేమ్స్ సేయర్స్.

కంపెనీ పెత్తనాన్ని ఏడుగురు కమిషనర్లకు అప్పగించాలని ఫాక్స్ బిల్లు పెట్టాడు. ఆ ఏడుగురూ ఫాక్స్, నార్త్‌ల పక్షం వాళ్లే. ఇండియా కొలువులన్నీ గుప్పిట్లో పెట్టుకునే ఎత్తు ఇదని ప్రత్యర్థులు గోల పెట్టారు. ఆ ఆరోపణను ఉపన్యాసంలో విన్నవాడు మర్నాటికి మరిచిపోవచ్చు. ఏనుగును మరిచిపోవడం కష్టం. పార్లమెంటు చర్చలకన్నా సేయర్స్ బొమ్మలే తనకు ఎక్కువ చేటు చేశాయని ఫాక్స్ వాపోయాడని చెబుతారు. నిజానికి డిసెంబరు 17న ప్రభువుల సభలో బిల్లును పడగొట్టింది మూడో జార్జి రాజు ఒత్తిడి. బొమ్మ చేసిందల్లా ఆ ఓటమిని జనం నవ్వుకుంటూ చూసేలా చేయడం.

ముక్కు సాగదీస్తే కారికేచర్ అయిపోదు. ఒక మనిషికి ఒక ఆకారం కట్టి, పదే పదే అదే చూపించాలి. ఫాక్స్ అంటే గుబురు కనుబొమలు, మాసిన గడ్డం, బొజ్జ. ఫాక్స్ తర్వాత ప్రభుత్వం నడిపిన ప్రత్యర్థి, ప్రధాని పిట్ అంటే ఎండుపుల్ల. బర్క్ అంటే కళ్లజోడు, పొడుగు ముక్కు. తోలుబొమ్మలాటలో కేతిగాడు తెర మీదికి రాగానే ఎవరో చెప్పక్కర్లేనట్టే, వీళ్లకూ పేర్లు రాయక్కర్లేకపోయింది. ఆ తర్వాత ఏ కథలోనైనా దించుకోవచ్చు. 1805లో జేమ్స్ గిల్‌రే పిట్‌నూ నెపోలియన్‌నూ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, భూగోళాన్ని పుడ్డింగులా కోయించాడు. నెపోలియన్ ఐరోపా ముక్క కోసుకుంటుంటే పిట్ సముద్రాల వైపు పెద్ద ముక్కే లాగుతున్నాడు. యుద్ధమంతా అందులో ఉంది.

పని మాత్రం మొరటుది. రాగిరేకుకు మైనం పూసి, సూదితో గీసి, ఆమ్లం పోస్తే గీత పడినచోట అది రాగిని తినేస్తుంది. అచ్చులో కుడి ఎడమలు మారిపోతాయి కాబట్టి అక్షరాలన్నీ రేకు మీద తిరగేసి రాయాలి. రంగులు చేత్తో అద్దేవారు. రంగుల బొమ్మ ధర సుమారు రెండు షిల్లింగులు, కూలివాడు కొనేది కాదు. కానీ దుకాణం కిటికీ ముందు నిలబడి చూడటానికి డబ్బెందుకు? గిల్‌రే కాపురం కూడా అలాంటి దుకాణం పైనే. యజమానురాలు హన్నా హంఫ్రీ.

ఈ చిత్రకారులను నిర్భయ సత్యవాదులనడం నాకు రుచించదు. సేయర్స్‌కు పిట్ ప్రభుత్వంలో కొలువు దొరికింది. గిల్‌రేకు 1797 నుంచి ఏటా 200 పౌండ్ల పింఛను ముట్టింది. 1820లో తనను అసభ్యంగా గీయనని మరో చిత్రకారుడు జార్జ్ క్రూక్‌షాంక్ చేత మాట తీసుకుని నాలుగో జార్జి రాజు 100 పౌండ్లు ఇచ్చాడు. దావా వేయడంకన్నా ఇదే మేలు. కోర్టులో ఆ బొమ్మ ఏమంటోందో వకీలు వర్ణిస్తుంటే నవ్వాపుకునేదెవరు?

గీత పదునుకు పక్షంతో పనిలేదు. 1786లో గిల్‌రే, ఇండియాలో కంపెనీ మాజీ గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌ను బందిపోట్లు చుట్టుముట్టిన భారత రక్షకుడిగా గీశాడు. రెండేళ్లకు, అక్రమాల ఆరోపణలపై పార్లమెంటులో ఆయన విచారణ మొదలయ్యాక, అదే హేస్టింగ్స్ డబ్బు సంచులు పట్టుకుని, ఛాన్సలర్ థర్లో భుజాలెక్కి నెత్తుటి సముద్రం దాటుతున్నాడు. ఉత్తర సర్కారుల్లో చాలా భాగం అప్పటికే కంపెనీ ఏలుబడిలో ఉంది కాబట్టి, మన తాతముత్తాతల సంగతీ ఆ తగాదాలో కలిసే ఉంది. అయినా సేయర్స్ బొమ్మలో తలపాగా పెట్టుకున్నది ఇంగ్లీషువాడే. గిల్‌రే నెత్తుటి సముద్రంలో మాత్రం భారతీయులున్నారు, తేలుతున్న శవాలుగా. హేస్టింగ్స్ 1795లో నిర్దోషిగా బయటపడ్డాడు.