బెంగతోనే వెళ్లాలి

ఉద్యోగం అయిపోయి, పిల్లల పెళ్లిళ్లు అయిపోయి, మనవలు ఒళ్లోకి వచ్చే వయసులో ఇంటికి తాళం వేసి, ముక్కూ మొహం తెలియని దేశానికి వెళ్లి ఏడాదో రెండేళ్లో ఉండి వచ్చే దంపతులున్నారు. అమెరికాలో పుట్టిన కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం, అంటే లోకం మోర్మన్లని పిలిచేవారి చర్చి, వీళ్లను సీనియర్ మిషనరీలు అంటుంది. గడువు 6 నెలల నుంచి 23 నెలల దాకా. జీతం లేదు సరికదా, తిండి, అద్దె, బీమా అన్నీ సొంత డబ్బుతోనే. 2011లో సంఘం వీళ్ల అద్దె భారానికి నెలకు 1,400 డాలర్ల పరిమితి పెట్టింది. అంతకు మించితే మిగతాది తానే భరిస్తానంది. డబ్బు సంగతి అలా కొంత తేలింది. తేలనిది ఇంటి మీద బెంగ. మిషనరీ సేవ ఉన్న చోటల్లా ఆ బెంగను విశ్వాసానికి పరీక్షగా చూడటం, ఎంత తొందరగా దాటితే అంత మంచిదనుకోవడం అలవాటైపోయింది. ఈ అలవాటు తప్పని నా గట్టి నమ్మకం. ముసలి దంపతులు పరాయి దేశంలో పనికొచ్చేదే ఆ బెంగ వల్ల. దాన్ని అణచుకోమంటే వాళ్లను దేనికోసం పిలిచారో దాన్నే వదిలేయమన్నట్టు.

సంఘం పెద్దలు ఈ కష్టాన్ని దాచలేదు, ఆ మాట ముందు ఒప్పుకోవాలి. అప్పట్లో అపొస్తలుడి హోదాలో ఉన్న రాబర్ట్ డి. హేల్స్ 2001లో, పెద్ద వయసు దంపతులు వెనకాడటానికి నాలుగు కారణాలు చెప్పారు: భయం, కుటుంబం గురించిన దిగులు, తగిన పని దొరుకుతుందో లేదోనన్న అనుమానం, డబ్బు. 2011లో మరో అపొస్తలుడు జెఫ్రీ ఆర్. హాలండ్ ఇంకా సూటిగా మాట్లాడారు. ఇంట్లో ఉండి పిల్లల చుట్టూ తిరుగుతూ ఎన్నటికీ చేయలేని మేలు దేవుడి సేవలో ఉండి వాళ్లకు చేయగలరని హామీ ఇచ్చారు. చెప్పినాయన మనసులో ప్రేమే ఉంది. అయినా ఆ హామీకి ఒక ముల్లుంది. సేవకు ప్రతిఫలంగా ఇంటికి మేలు జరుగుతుందని నమ్మి వెళ్లినవాళ్లకు ఇంటి దగ్గర కీడు జరిగితే ఏమనిపిస్తుంది? మనవడికి జబ్బు చేసినా, కూతురి కాపురం కూలినా, మా సేవలోనే ఏదో లోపం ఉందేమోనన్న అనుమానం లోపల పాకుతుంది. పైగా బెంగగా ఉందని నోరు తెరిచి చెప్పడమే విశ్వాసం చాలకపోవడంగా తోస్తుంది. దాంతో ఇంటికి రాసే ఉత్తరాల నిండా వాతావరణం, ఊరి విశేషాలు, అంతా క్షేమం అన్న మాటలే ఉంటాయి. చదివే కొడుక్కి అమ్మా నాన్నా ఎలా ఉన్నారో మాత్రం తెలియదు.

వాళ్లు చేసే పని ఏమిటో దగ్గరగా చూస్తే నా వాదన అర్థమవుతుంది. వీధులు తిరిగి బోధించే పని ఎక్కువగా కుర్రవాళ్లది. 2012 అక్టోబరులో సంఘం అప్పటి అధ్యక్షుడు థామస్ ఎస్. మాన్సన్ అబ్బాయిలు 18 ఏళ్లకే, అమ్మాయిలు 19 ఏళ్లకే మిషన్‌కు వెళ్లవచ్చని ప్రకటించాక, నిన్న మొన్నటి దాకా అమ్మ చేతి వంట తిన్న పిల్లలే ఎక్కువమంది. వాళ్లుండే ఫ్లాట్ ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. స్టవ్ మీద అడుగంటిన గిన్నె, సింకులో మూడు రోజుల పళ్లేలు, నీళ్ల ఫిల్టర్ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తులేదు. లోపలి గదిలో పంతొమ్మిదేళ్ల కుర్రాడు జ్వరంతో ముసుగు తన్ని పడుకుని, మామూలు జ్వరమేనంటాడు. ఆఫీసు లెక్కలు చూసే పెద్ద దంపతులు ఆ పూట ఫ్లాట్ తనిఖీకి వస్తారు. ఆయన ఫిల్టర్ విప్పుతాడు. ఆవిడ కుర్రాడి మాట పట్టించుకోదు. ఎప్పట్నుంచి తినడం లేదని పక్కవాణ్ని అడుగుతుంది. రోగిని వదిలి పక్కవాణ్ని అడగాలని ఆవిడకు ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పి ఉండరు. సొంత పిల్లలు అబద్ధమాడి పడుకున్న రాత్రుల్లో నేర్చుకుంది. అంటే సంఘం అక్కడికి పంపింది ఒక గుమాస్తాను కాదు, ఒక అమ్మమ్మను. ఇల్లు గుర్తుకు రాకుండా ఆవిడ ఆ పని చేయలేదు. ఆ కుర్రాడిలో తన మనవణ్ని చూసినందుకే చేయగలిగింది.

కుర్రవాళ్ల విషయంలోనే కాదు. ఈ సంఘంలో జీతం తీసుకునే పాస్టర్లు ఉండరు. బ్యాంకులోనో బడిలోనో పనిచేసుకునే స్థానికులే ఆదివారం సభ నడుపుతారు. మన దేశంలో వాళ్ల మొదటి స్టేక్, అంటే కొన్ని సభలను కలిపిన మండలం, 2012 మేలో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. ఇలాంటి కొత్త చోట్ల పెద్ద దంపతుల పని బోధించడం కంటే పక్కన కూర్చోవడం. రికార్డులు ఎలా రాయాలో, అలిగి మానేసిన మనిషి ఇంటికి ఎలా వెళ్లాలో, ఇద్దరు పెద్దమనుషుల తగవు సభ దాకా రాకుండా ఎలా తీర్చాలో చూపించడం. ఇవీ సంసారం నేర్పిన విద్యలే.

పాత మిషనరీ చరిత్ర తెలుగు నేలకు బాగా తెలుసు. అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హెయర్ 1842లో గుంటూరు చేరేనాటికి ఆయనకు 49 ఏళ్లు. భార్య అప్పటికే పోయింది, పిల్లలు అమెరికాలోనే. ఆయనే 1869లో, 76 ఏళ్ల వయసులో, రాజమండ్రి మిషన్ చేజారిపోకుండా చూడటానికి మళ్లీ ఓడెక్కి వచ్చాడు. ఆ రోజుల్లో ఉత్తరం అందడానికే నెలలు. దంపతులుగా వచ్చిన మిషనరీలైతే చదువుల వయసు రాగానే పిల్లల్ని అమెరికా పంపేసి ఏళ్లకేళ్లు చూడకుండా ఉండేవాళ్లు. ఆ ఎడబాటును కొంతయినా తగ్గించడానికే 1901లో కొడైకెనాల్‌లో అమెరికన్ మిషనరీల పిల్లల కోసం బడి పెట్టుకున్నారు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకు మాత్రం ఇదే పెద్ద సాక్ష్యం. బెంగ ఓర్చుకుంటే పోయేదైతే ఎవరూ కొండ మీద బడి కట్టరు. ఆ తరం దాన్ని నిజమైన నష్టంగా ఒప్పుకుని దానికి తగిన ఏర్పాటు చేసుకుంది.

మిషనరీ కాకపోయినా లిలియన్ కార్టర్‌ను ఇక్కడ తలుచుకోవాలి. అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి. నర్సు. 1966లో 68 ఏళ్ల వయసులో అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్‌లో చేరి బొంబాయి దగ్గర విఖ్రోలీలో పనిచేసింది. ఆమె ఇక్కడుండగానే, 1967 అక్టోబరులో, జార్జియాలో మనవరాలు ఎమీ పుట్టింది. ఇంటికి రాసిన ఆమె ఉత్తరాలు 1977లో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకం పేరులోనే ఇంటికి దూరంగా ఉండటమూ ఉంది, కుటుంబమూ ఉంది. రోగుల మధ్య పని చేస్తూనే ఇంటివాళ్లకు మనసు విప్పి రాసుకున్న మనిషి ఆమె. బెంగ ఆమె పనికి అడ్డు తగల్లేదు.

ఇప్పుడు వీడియో కాల్ ఉంది కదా, ఇంకెక్కడి బెంగ అని అడిగేవాళ్లుంటారు. కుర్ర మిషనరీలు 2019 దాకా ఏడాదికి రెండుసార్లే ఇంటికి ఫోన్ చేసుకునేవారు, క్రిస్మస్‌కూ మదర్స్ డేకూ. ఇప్పుడు వారం వారం మాట్లాడవచ్చు. పెద్దవాళ్లకు అంతటి కట్టుబాటు లేదు. ఆ మార్పు మంచిదే. కానీ తెర బెంగను తీరుస్తుందనుకోవడం పొరపాటు. చలికాలంలో సాల్ట్ లేక్ సిటీలో ఆదివారం సాయంత్రం ఆరైతే హైదరాబాద్‌లో సోమవారం తెల్లవారి ఆరున్నర. అక్కడ మూడేళ్ల పిల్ల ఫోన్ అందుకుని పరుగెడుతుంది. తెర మీద కార్పెట్టు, తర్వాత ఇంటి కప్పు, తర్వాత సగం చెవి. నిమిషంలో విసుగు పుట్టి ఫోన్ సోఫా మీద పడేసి పోతుంది. ఇక్కడ ఇద్దరు పెద్దవాళ్లు సోఫా గుడ్డను చూస్తూ, అవతలి గదిలోంచి వినిపించే పళ్లేల చప్పుడు వింటూ, ఎవరైనా ఫోన్ తీస్తారేమోనని కూర్చుంటారు. పిల్లలు దూరదేశాల్లో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ఈ దృశ్యం చెప్పక్కర్లేదు. హెయర్‌కు కబురు ఆలస్యంగా అందేది. వీళ్లకు తాము లేని ఇల్లు వారం వారం కంటి ముందు కనిపిస్తుంది. ఏది బరువో నేను తూచను గానీ, కాల్ కబుర్లు అందిస్తుందే తప్ప ఒళ్లో కూర్చోబెట్టదు.

దీనికన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. సొంత మనవల్ని వదిలి ఊరి పిల్లలకు అమ్మమ్మగా ఉండటం ఏం న్యాయం? పురుడు పోయడానికి అమెరికా విమానమెక్కి, వీసా ఇచ్చిన ఆరు నెలలూ వంటింట్లో గడిపి వచ్చే తల్లుల్ని ఎరిగిన మనకు ఈ ప్రశ్న ముందే తడుతుంది. అమ్మ రాలేనప్పుడు కూతురు పడే కష్టం నిజం, దానికి ఏ ఆశీర్వాదమూ బదులు కాదు. అందుకే వెళ్లాలా వద్దా అన్నది ఆ ఇద్దరూ ప్రార్థన చేసుకుని తేల్చుకుంటే సరిపోదని నేనంటాను. పిల్లల్ని కూర్చోబెట్టి అడగాలి. వద్దనే హక్కు వాళ్లకుందని చెప్పి మరీ అడగాలి. కానీ వాళ్లు సరేనన్న తర్వాత వెళ్లినవాళ్లను మనవల్ని వదిలేసినవాళ్లని అనడం అన్యాయం. అరవై అయిదేళ్లకు మనిషి బతుకంతా ఒక్క ఇంటికే చెల్లిపోయిందనడం ఆ ఇంటికీ మంచిది కాదు.

మత ప్రచారమే కదా ఇదంతా అన్నవాళ్లతో నేను పూర్తిగా విభేదించను. ఎవరి నమ్మకం వాళ్లు చెప్పుకోవచ్చు, విన్నవాళ్లు కాదనవచ్చు, ఒత్తిడి మాత్రం ఎవరు చేసినా తప్పే. నేను మాట్లాడుతున్నది అది కాదు. వెళ్లిన మనుషుల గురించి. ఆ మాటకొస్తే, హైదరాబాద్‌లో ఈ సంఘం వేళ్లూనిన కథే కుటుంబంతో మొదలైంది. సమోవాలో ఉంటూ ఈ సంఘంలో చేరిన కీటక శాస్త్రవేత్త ఎడ్విన్ ధర్మరాజు, భార్య ఎల్సీ, 1978 డిసెంబరులో మిషనరీ దంపతులుగా తమ సొంత బంధువుల దగ్గరికే వచ్చారు. కొద్ది నెలల్లో బంధువుల్లో ఇరవై మంది దాకా చేరారు. బాప్టిస్టు పాస్టరైన ఎల్సీ తండ్రి ఈ సంఘం పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని చేపట్టారు. అయినవాళ్ల మీద మమకారం సేవకు ఆటంకమని నమ్మేవాళ్లు ఈ దంపతుల దగ్గర ఆగి ఆలోచించాలి.

2011 మార్పుల్లోనే, ఇంట్లో ముఖ్యమైన సందర్భం వస్తే సొంత ఖర్చుతో కొద్ది రోజులు వెళ్లి రావడానికి దంపతులకు వీలు కల్పించారు. మంచి నియమం. దాన్ని వాడుకోవడం చిన్నతనంగా తోచకుండా చూడటం మిగిలింది. చావుకే కాదు, పురుటికీ వెళ్లి రమ్మని మిషన్ అధ్యక్షుడే ముందుగా చెప్పాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆరు నెలల గడువే చూపించాలి. ఉండగలిగితే వాళ్లే పొడిగించుకుంటారు. ఇక గడువు తీరకుండానే సామాను సర్దుకుని ఇంటికి చేరిన దంపతులకు, 23 నెలలు ఉండి వచ్చినవాళ్లకు చెప్పినట్టే సభలో లేచి నిలబడి స్వాగతం చెప్పాలి.