మౌనంగా నిలబడిన ముగ్గురు పిల్లలు: 1986 సుప్రీంకోర్టు తీర్పుపై ఒక పరిశీలన

పాఠశాలల్లో మత స్వేచ్ఛను గూర్చి క్రైస్తవులు మాట్లాడేటప్పుడు ఆధారంగా చూపదగిన తీర్పు 'బిజో ఇమ్మాన్యుయేల్ వర్సెస్ కేరళ రాష్ట్రం'. అయితే ఆ తీర్పును మనకు అనుకూలమైనంత మేరకే చదువుతున్నామా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న.

కేరళలో యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు పాఠశాలలో జాతీయగీతం పాడేవారు కాదు. ఇతరులతోపాటు గౌరవంగా లేచి నిలబడేవారు, కాని నోరు విప్పేవారు కాదు. దీనిపై శాసనసభలో ప్రశ్న లేచింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆ పిల్లలు అగౌరవమేమీ చూపలేదని తేల్చింది. అయినప్పటికీ 1985 జూలై 26న వారిని పాఠశాలనుండి పంపివేశారు. హైకోర్టులోనూ వారికి న్యాయం దొరకలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్ ఆ పిల్లలను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించారు.

ఈ తీర్పు బలమంతా అది వేసిన ప్రశ్నలో ఉన్నది. జాతీయగీతంలో ఏ మతస్థునికైనా అభ్యంతరమైన మాట ఉన్నదా అని హైకోర్టు వెదకింది. అది అడుగవలసిన ప్రశ్న కాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ విశ్వాసం న్యాయమూర్తికి సబబుగా తోచిందా లేదా అన్నది కాదు, దానిని వారు చిత్తశుద్ధితో నమ్ముచున్నారా అన్నదే చూడాలి. రాజ్యాంగంలోని 19(1)(ఎ), 25(1) అధికరణాలు ఆ మౌనాన్ని కాపాడాయి.

ఇక్కడ మనం ఒక సంగతి ఒప్పుకోవాలి. యెహోవాసాక్షులు త్రిత్వ సిద్ధాంతాన్ని అంగీకరించరు. వారి బోధను మన వేదాంత కళాశాలల్లో తప్పుబోధగానే బోధిస్తాము. మన పిల్లలు సైతం ఆశ్రయించగల హక్కును అట్టివారి పిల్లలే సాధించి పెట్టారు. షద్రకు, మేషాకు, అబేద్నెగోలను గూర్చి ప్రసంగించే మనం ఈ ముగ్గురి విషయంలో మౌనం వహించడం తగదు.

తీర్పులో ఒక లోటు లేకపోలేదు. పిల్లల మనస్సాక్షినీ తల్లిదండ్రుల మనస్సాక్షినీ అది వేరుచేసి చూడలేదు. పదిహేనేళ్ల బిడ్డ ఇంటివారికి భిన్నంగా తలంచితే ఎవరి మాట చెల్లుతుంది? ఈ ప్రశ్నకు తీర్పులో జవాబు దొరకదు.

అంతకంటె ముఖ్యమైనది మన సంగతి. 28(3) అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేక ఆర్థిక సహాయం ఉన్న పాఠశాలలో ఏ విద్యార్థినీ సమ్మతి లేకుండా మతబోధకు గాని ఆరాధనకు గాని బలవంతపెట్టకూడదు. మైనరైతే సంరక్షకుని సమ్మతి కావాలి. ఇది మిషన్ పాఠశాలలకూ వర్తిస్తుంది. ఉదయ ప్రార్థనలో కూర్చున్న హిందూ, ముస్లిం పిల్లల తల్లిదండ్రులను మనం ఎన్నడైనా అడిగామా? వద్దన్న బిడ్డను చిన్నచూపు చూడక వేరే గదిలో కూర్చోబెట్టామా?

2022 అక్టోబరు 13న కర్ణాటక హిజాబ్ వ్యాజ్యంలో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చారు. జస్టిస్ సుధాంశు ధూలియా 1986 తీర్పును ఆధారం చేసుకొని విద్యార్థినుల పక్షాన నిలిచారు. ఆనాడు మన సంఘం ఏ పక్షాన నిలిచింది?

ఇతరులు మనకు ఏమి చేయవలెనని కోరుదుమో అదే వారికి చేయుమన్న ప్రభువు ఆజ్ఞ మన పాఠశాల గేటు వద్ద ఆగిపోదు. మన బిడ్డ మౌనాన్ని గౌరవించమని ప్రభుత్వాన్ని అడిగే ముందు, మన ప్రార్థనలో మౌనంగా ఉన్న బిడ్డను మనం గౌరవించాలి.