పాట వచ్చింది, మాట రాలేదు

వారానికోసారైనా నా ఫోన్‌లోకి ఆ పట్టిక వచ్చి పడుతుంది. రక్తపోటుకి ఆనందభైరవి, నిద్ర పట్టకపోతే నీలాంబరి, మోకాళ్ల నొప్పులకి ఇంకేదో. రోజూ ఉదయం ఇరవై నిమిషాలు అని మోతాదు కూడా ఉంటుంది. భోజనానికి ముందా తర్వాతా అన్నదొక్కటే రాయరు. నేను సంగీతం పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి పంపినవాళ్లు చివర్లో "మీకు తెలిసే ఉంటుంది" అని తగిలిస్తారు. నాకు తెలియదు. నీలాంబరిలో జోలపాటలున్నాయి, వాటికి పిల్లలు నిద్రపోతారు, నిజమే. మా అమ్మ ఏ రాగంలోనూ ఇమడని పాటేదో పాడినా నేను నిద్రపోయేదాన్నట.

ఈ పట్టికలకి సాక్ష్యంగా ఒక కథ చెబుతుంటారు. ముత్తుస్వామి దీక్షితర్ శిష్యుడు తంబియప్పన్ కడుపునొప్పితో బాధపడుతుంటే, గురువుగారు బృహస్పతి మీద అఠాణా రాగంలో కృతి కట్టి అతని చేత పాడించారని, నొప్పి తగ్గిందని. కథ కథే అనుకోండి. కానీ అందులో పాడింది రోగి. పట్టికల్లో మాత్రం రోగికి ఏ పనీ ఉండదు, చెవులప్పగించి పడుకోవడమే.

ఈ మోజు మనకొక్కరికే లేదు. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకి మొజార్ట్ సొనాటా పది నిమిషాలు వినిపించి, ఆకారాలను మనసులో తిప్పి చూసే లెక్కలు ఇచ్చారు. కాస్త బాగా చేశారు. ఆ తేడా పది పదిహేను నిమిషాల్లో పోయింది. పసిపిల్లల ఊసే ఆ పరిశోధనలో లేదు. అయినా 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరు, పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక సంగీతం సీడీ ఇవ్వడానికి బడ్జెట్‌లో డబ్బు అడిగాడు.

అలాగని వినడం దండగ అనను. 2008లో హెల్సింకీ పరిశోధకులు పక్షవాతం వచ్చిన 60 మందిని తీసుకుని కొందరికి పాటలు, కొందరికి చదివి వినిపించే పుస్తకాలు ఇచ్చారు, మిగిలినవాళ్లకి ఏమీ ఇవ్వలేదు. పాటలు విన్నవాళ్లకి జ్ఞాపకం, ఏకాగ్రత మిగతావాళ్లకంటే మెరుగ్గా కోలుకున్నాయి. అయితే ఎవరి పాటలు వాళ్లే ఎంచుకున్నారు. ఫలానా జబ్బుకి ఫలానా బాణీ అని ఎవరూ చీటీ రాయలేదు.

సంగీతం వైద్యంలో ఎక్కడ పని చేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో నాకు కాస్త తెలిసింది మా పెదనాన్న మంచం పక్కన. ఆయనది కోనసీమ. వయసులో ఉండగా పాండవోద్యోగ విజయాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. పడక సీనులో ఆయన రాగం తీస్తే ఒన్స్ మోర్లు పడేవని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట ఒకేసారి పడిపోయాయి. మనం చెప్పేదంతా తెలిసేది. తను చెప్పబోతే "అదీ... అదీ..." తప్ప వచ్చేది కాదు. రావడం లేదని తనకి తెలియడంతో కోపం, ఆ కోపం చెప్పడానికీ మళ్లీ "అదీ..."

ఒక సాయంత్రం పక్కింట్లో ఎవరో నాటకం పెట్టారు. పడక సీను పద్యం వినబడగానే పెదనాన్న మంచం మీంచే అందుకున్నారు. ఒక్క పదం జారలేదు, చివర రాగం కూడా లాగారు. ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది. మాట వచ్చేసిందని పెద్దమ్మ అప్పటికప్పుడు కొబ్బరికాయ కొట్టింది. "నీళ్లు కావాలా?" అని అడిగితే మాత్రం మళ్లీ "అదీ..."

ఆయన ఒక్కరి విషయంలో జరిగిన వింతేమీ కాదిది. 18వ శతాబ్దంలోనే స్వీడన్‌లో ఒకాయన రాసిపెట్టాడు: మాట పోయిన మనిషి ఒకడు జబ్బుకి ముందు నేర్చుకున్న కీర్తనలు మాత్రం స్పష్టంగా పాడుతున్నాడని. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా, "టాన్" అన్న ఒక్క ముక్కే పలకగలిగిన రోగి చనిపోయాక మెదడు తీసి చూస్తే, ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. అక్కడ దెబ్బ తగిలితే అర్థం చేసుకునే శక్తి చాలావరకు నిలుస్తుంది, మాట పేర్చే శక్తి పోతుంది. దీన్నే ఇప్పుడు బ్రోకా అఫేజియా అంటున్నారు. వీళ్లలో కొందరు పాడగలరని తెలిసీ, చూసి ఆశ్చర్యపోవడంతోనే రెండు వందల ఏళ్లు గడిచాయి. 1973లో బోస్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రికి చెందిన ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు ఆ ఆశ్చర్యాన్ని పనిలో పెట్టారు. వాళ్ల పద్ధతి పేరు మెలొడిక్ ఇంటొనేషన్ థెరపీ.

చిత్రమేమిటంటే, ఇందులో రోగికి ముందే వచ్చిన పాటలు పాడించరు. కంఠతా వచ్చిన పాట మొదలుపెడితే చివరిదాకా తనంతట తనే దొర్లుతుంది. దాంట్లోంచి ఒక్క మాట విడదీసి వాడుకుందామంటే రాదు. పెదనాన్న పద్యం మాట కాకపోవడానికి కారణం అదే. అందుకని ఇంట్లో అవసరమయ్యే చిన్న మాటని తీసుకుంటారు. రెండే స్వరాలు, ఒకటి కింద, ఒకటి పైన. మన లెక్కలో షడ్జానికీ సాధారణ గాంధారానికీ ఉన్నంత దూరం. ఒక్కో అక్షరానికి రోగి ఎడమచేతిని ఒక్కోసారి తడతారు. మొదట నోరు మూసుకుని బాణీ మాత్రం పలకడం, తర్వాత ఇద్దరూ కలిసి పాడటం, తర్వాత థెరపిస్టు సగంలో తప్పుకోవడం, తర్వాత రోగి ఒక్కడే. ఆపైన "ఏం కావాలి?" అన్న ప్రశ్నకి ఆ మాటే జవాబుగా రావాలి. అది వచ్చాక బాణీని నెమ్మదిగా తీసేసి సాగదీసిన మాటలోకి, చివరికి మామూలు మాటలోకి దించుతారు.

పెదనాన్నకి ఈ పద్ధతి నేర్పడానికి రాజమండ్రి నుంచి వచ్చే స్పీచ్ థెరపిస్టు అమ్మాయి నన్ను సాయానికి కూర్చోబెట్టుకుని మొదటిరోజే అంది: "మేడమ్, రాగం వద్దు. రెండు స్వరాలు చాలు." గమకం లేకుండా నిలబెట్టి పాడటం ఎంత కష్టమో ఆ గదిలో తెలిసింది.

అంతకంటే పెద్ద చిక్కు భాషది. ఇంగ్లిష్‌లో ఊనిక పడే అక్షరాన్ని పై స్వరంలో పెడతారు. తెలుగులో ఆ రకం ఊనిక లేదు. మరి దేన్ని ఎత్తాలి? తర్జనభర్జన పడి చివరికి గురులఘువుల దగ్గర ఆగాం. "నీళ్లు కావాలి"లో నీ, కా, వా గురువులు, వాటిని పైన పెట్టి రెండు మాత్రలు నిలిపాం. తక్కినవి కింద, ఒక్కో మాత్ర. ప్రతి అక్షరాన్నీ సమానంగా తడితే దీర్ఘాలు కరిగిపోయి మాట వేరే అయిపోతుంది. ఇది పుస్తకంలో ఉన్న పద్ధతి కాదు, మేం చేసుకున్న సర్దుబాటు. పెదనాన్నకి ఛందస్సు చదువుగా రాదు కానీ గురువు దగ్గర చెయ్యి దానంతటదే ఆగేది.

ఇదంతా ఎందుకు పనిచేస్తుందన్నదాని మీద గొడవ ఇంకా తెగలేదు. దెబ్బ తగలని కుడివైపు మెదడు పాట ద్వారా పని అందుకుంటుందని మొదట అనుకున్నారు. బోస్టన్‌లోనే గాట్‌ఫ్రీడ్ ష్లాగ్ బృందం 2009లో ఆరుగురికి రోజుకి గంటన్నర, వారానికి ఐదు రోజుల చొప్పున డెబ్భై అయిదుకి పైగా సార్లు ఈ శిక్షణ ఇచ్చి స్కాన్ చేస్తే, కుడివైపు ఒక నరాల కట్ట పెరిగి కనిపించింది. రెండేళ్ల తర్వాత జర్మనీలో బెంజమిన్ స్టాల్ బృందం 17 మంది రోగుల చేత పాడించి, తాళానికి పలికించి చూసింది. పాడటం వల్ల విడిగా ఒరిగిందేమీ లేదని, పని చేసింది లయ, బాగా అలవాటైన మాటలు అని తేలింది. శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు మనవాళ్లు. రాగం నమ్ముకున్నదాన్ని కాబట్టి తల్లి పక్షాన కాసేపు చిన్నబుచ్చుకున్నాను. మృదంగం వాయించే మిత్రుడొకాయనకి చెబితే, "ఇన్నాళ్లకి ఒప్పుకున్నారు" అన్నాడు.

నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్షలు ఇంకాస్త కటువుగా ఉన్నాయి. జబ్బు వచ్చిన కొద్ది నెలల్లోపు మొదలుపెడితే ఫలితం కనిపించింది. ఏళ్లు గడిచినవాళ్లలో సాధన చేసిన మాటలు మెరుగయ్యాయి కానీ అది నిలవలేదు. బొమ్మలు వేయించే చికిత్సలోనూ ఇలాంటి చేదు ఉంది. బ్రిటన్‌లో స్కిజోఫ్రీనియా ఉన్న 417 మందితో చేసిన పెద్ద పరీక్ష 2012లో వెలువడింది. వారం వారం బృందంగా కూర్చుని బొమ్మలు వేసే అవకాశం ఇచ్చినా మామూలు వైద్యం కంటే తేడా ఏమీ రాలేదు. కానీ పిలిచినవాళ్లలో చాలామంది అసలు సరిగా రానేలేదు. దీన్ని బట్టి బొమ్మలు వ్యర్థమని నేను అనుకోను. రంగులు ముట్టనివాడికి రంగులు ఏం చేస్తాయి? అయితే పని చేస్తాయని చాటడానికీ ఆ లెక్కలు ఒప్పుకోవు.

పెదనాన్నకి మాట ధారాళంగా మళ్లీ రాలేదు. కొన్ని చిన్న మాటలు చేతికొచ్చాయి, అంతే. ఆ మాటలు ఎంచడంలోనే ఇంట్లో రభస. సాధనకి పిల్లలు రాసిచ్చిన జాబితాలో "బాగున్నాను", "థాంక్యూ", "గుడ్ మార్నింగ్" ఉన్నాయి. అది చదువుతుంటే ఆయన మొహం తిప్పుకున్నారు. అప్పుడా అమ్మాయి బొమ్మలు చూపిస్తూ, ఒక్కోటీ అడుగుతూ, ఆయన తలూపినవి రాసుకుంది. "ఫ్యాన్ ఆపు." "ఇంకాస్త పులుసు." మూడోది దొరకడానికి చాలాసేపు పట్టింది. ఎడమచెయ్యి వంటింటివైపు చూపించి, చెవి మూసుకుని చూపించారు. అర్థమై అమ్మాయి నవ్వు ఆపుకుంటూ "అరవకు" అని రాసింది.

"ఇన్ని నెలలకి నోరు తెరిచేది నన్ను అరవకు అనడానికా!" అని పెద్దమ్మ అరిచింది.

పైగా అందులో నాలుగూ లఘువులే, పైకెత్తి నిలపడానికి ఒక్క గురువైనా లేదు. మొదటి అక్షరాన్ని కొంచెం సాగదీసి తంటాలు పడ్డాం. అన్నిటికంటే ఆలస్యంగా పట్టుబడింది ఆ మాటే. అది సాధన చేసేటప్పుడు పెద్దమ్మ విసురుగా పెరట్లోకి వెళ్లిపోయేది, ఆయన మాత్రం ఇంకోసారి అన్నట్టు చెయ్యి ముందుకు చాచేవారు.