గాలిని వదిలేయమన్నారు

ఈ వారం నాకు చిర్రెత్తించింది ఒక్క వాక్యం: 'గాలి నిరోధాన్ని ఉపేక్షించుము'. మా వీధి ఇంటర్ కుర్రాడు తెచ్చిన మోడల్ పేపర్లో, కింద పడే వస్తువుల లెక్కలన్నిటికీ తోకలా ఇదే. బలాల బొమ్మ గీశావా అంటే, "బొమ్మెందుకు తాతా, ఫార్ములా ఉందిగా!" అన్నాడు.

మార్కాపురం వాణ్ణి. పలక మీద బొమ్మ పడందే లెక్క మొదలుపెట్టకూడదన్న నా చాదస్తం పాత పాఠకులకు తెలిసిందే. చుక్క పెట్టు, కిందికి భారం బాణం గీయి, పైకి గాలి బాణం గీయి. వాన చినుకునే తీసుకోండి. కిలోమీటరు ఎత్తునుంచి ఏ అడ్డూ లేకుండా రాలితే నేల తాకేసరికి దాని వేగం సెకనుకు 140 మీటర్లు, అంటే గంటకు 500 కిలోమీటర్లు. నల్లమలలో చెట్టుకు ఆకు మిగలదు. కానీ వేగంతోపాటు గాలి బాణమూ పెరిగి భారానికి సమానమవుతుంది, త్వరణం సున్నా అవుతుంది. అదే చరమ వేగం. పెద్ద చినుకైనా సెకనుకు 9 మీటర్ల దగ్గర నిలిచిపోతుంది. ఇంత పని చేసే గాలిని ఉపేక్షించడమా?

ఈ ఊపులో ఉండగా గిద్దలూరు దగ్గర మా మేనమామ చేలో బావి గుర్తొచ్చింది. ఎండాకాలం మోటారు దించేముందు ఆయన పిడికెడంత రాయి వదిలి, బుడుంగుమనేదాకా ఎవర్నీ నోరెత్తనిచ్చేవాడు కాదు. చప్పుడు ఆలస్యమైతే ఇంకో పైపు తెమ్మనేవాడు. ఇప్పటి బోర్లలో ఆ ఆట సాగదు. రాయి గోడలకు కొట్టుకుంటూ పోతుంది, ఆ బాణాలు ఎటు గీయాలో దేవుడికెరుక.

ఆ బావి లెక్క కుర్రాడితోనే చేయించాను. చప్పుడు 2 సెకన్లకు వినిపిస్తే ఫార్ములా చెప్పే లోతు 19.6 మీటర్లు. చప్పుడు పైకి రావడానికీ కొంత కాలం పడుతుంది కదా. సెకనుకు 340 మీటర్ల చొప్పున అది తీసేస్తే లోతు 18.5కి తగ్గింది. మీటరు తేడా! మరి గాలి వల్ల? అంత రాయికి జానెడు, అంతే.

పేపరు గాలిని వదిలేయమనడం న్యాయమే. ఏది వదిలేయొచ్చో తెలియడమే ఈ విద్యలో సగం. నా తగువల్లా ఆ సగాన్ని పిల్లాడి చేతినుంచి లాక్కున్నందుకు. ఆ తోక కత్తిరించి, 'గాలిని వదిలేస్తే ఎంత తేడా వస్తుంది?' అని ఒక్క మార్కుకు అడగండి. పలకలు వాటంతటవే బయటికొస్తాయి.