‘రాసిపెట్టి ఉంది’, ‘తెచ్చుకున్నాడు’: క్యాన్సర్ రచనల్లో అధిజన్యు భావన

క్యాన్సర్‌ను గురించిన తెలుగు వైద్యరచనల్లో జన్యువుకు తరచుగా వాడే ఉపమానం ‘రాత’. డీఎన్ఏ నాలుగక్షరాల లిపి. ఉత్పరివర్తన అందులో పడిన అచ్చుతప్పు. బోధనకు ఇది అనువైనదే. అయితే తలరాత అనే మాట నిత్యవ్యవహారంలో ఉన్న సమాజంలో ఆ ఉపమానం శాస్త్రాన్ని దాటి విధివాదానికి దారితీస్తుంది. ప్రజల నుడికారం పక్షాన నిలిచిన కాళోజీ పేరిట ఆరోగ్య విశ్వవిద్యాలయం వెలసిన వరంగల్‌లో ఈ భాషాసమస్యను చర్చించడం సముచితం.

వాడింగ్టన్ 1942లో ప్రతిపాదించిన భావనను ‘బాహ్యజన్యు’ అని అనువదిస్తే, మార్పు జన్యువుకు ఎక్కడో వెలుపల జరుగుతుందనే భ్రమ కలుగుతుంది. మిథైల్ గుర్తు అంటుకునేది డీఎన్ఏలోని సైటోసిన్‌కే. మరికొన్ని గుర్తులు డీఎన్ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీద పడతాయి. అక్షరం మారదు, చదివే తీరు మారుతుంది. అందుచేత ‘అధిజన్యు’ అనడమే మేలు.

మానవ కణితుల్లో కొన్ని జన్యువుల మీద మిథైల్ గుర్తులు తగ్గి ఉంటాయని 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్ చూపారు. తరువాతి పరిశోధనల్లో దీనికి విపర్యయమూ తేలింది: కణితిని అడ్డుకోవలసిన జన్యువుల ఆరంభభాగంలో గుర్తులు పేరుకొని వాటి నోరు మూయిస్తాయి. కొన్ని పెద్దపేగు క్యాన్సర్లలో ఎంఎల్‌హెచ్1 జన్యువు ఇలాగే మూగబోతుంది. అది డీఎన్ఏలోని తప్పులను దిద్దే జన్యువు కనుక ఆపైన అచ్చుతప్పులు పోగుపడతాయి. మరోవైపు కొన్ని రక్తక్యాన్సర్లలో గుర్తులు వేసే డీఎన్‌ఎంటీ3ఏ జన్యువులోనే ఉత్పరివర్తన ఉంటుంది. రాతనూ గుర్తునూ రెండు వేర్వేరు అధ్యాయాలుగా చెప్పే పాఠం ఈ పరస్పరతను చూపలేదు.

2024లో ‘నేచర్’లో వెలువడిన ఒక పరిశోధన ఇంకా ముందుకు వెళ్ళింది. పండ్ల ఈగల్లో పాలీకోంబ్ ప్రోటీన్లను కొద్దికాలం తగ్గించి, తిరిగి పూర్వస్థితికి తెచ్చినా కణితులు ఆగలేదు. కారకమైన ఉత్పరివర్తన ఏదీ కనిపించలేదు. హైదరాబాద్ సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా బృందం ఈ కోవ ప్రోటీన్లను ఈగల్లోనే చిరకాలం అధ్యయనం చేసింది. మన అధ్యాపకులకు ఉదాహరణ ఇంత దగ్గరలో ఉంది! అయితే ఈగలో తేలినది మనిషిలోనూ అంతే అనడానికి వీలులేదు.

విధివాదం తొలగినచోట నిందావాదం ప్రవేశిస్తోంది. అలవాట్లు మార్చుకుంటే జన్యువులే మారతాయన్న ప్రచారం అర్ధసత్యం. పొగ మానితే కొన్ని మిథైల్ గుర్తులు క్రమంగా సర్దుకుంటాయి. పొగాకు చేసిన ఉత్పరివర్తనలు మాత్రం మిగిలిపోతాయి. పసిపిల్లల వెనుకమెదడులో వచ్చే ఒక రకం ఎపెండైమోమాలో పదేపదే కనిపించే ఉత్పరివర్తనలు అరుదు, హిస్టోన్ గుర్తుల లోపమే ప్రస్ఫుటం. ఆ శిశువు ఏ అలవాటుతో దాన్ని ‘తెచ్చుకుంది’? వ్యాసకర్త వాడే ఒక్క క్రియాపదం ఆసుపత్రి వరండాలో కూర్చున్న తల్లిమీద నేరంగా పడుతుంది.

గుర్తులను చెరపవచ్చునన్న ఆశకూ మితి ఉంది. 2004లో అమెరికాలో అనుమతి పొందిన అజాసిటిడిన్ మైలోడిస్‌ప్లాస్టిక్ రక్తవ్యాధుల్లో ఉపకరించింది; గట్టి కణితుల్లో అంతటి ఫలితం ఇవ్వలేదు. ఏ జన్యువు మీది గుర్తు చెరపాలో, ఏది ఉంచాలో ఆ మందుకు తెలియదు.