ఇది ఆ బండేనా?

నగల కొట్లో కూర్చోబెడితే మగవాళ్లు ఎలా ఆవలిస్తారో, కార్ల మాటెత్తితే నేనూ అలాగే ఆవలించేదాన్ని. ఒక దావా కథ చదివాక ఆ ఆవలింత కాస్తా పోయింది. ఇంగ్లండులో ఒక పాత పందెపు కారు మీద వచ్చిన పేచీ అది. చదువుతున్నంతసేపూ ఇది కార్ల గొడవలా లేదు, మన బీరువాలోని కాసులపేరు గొడవలా ఉందే అనిపించింది.

కారు పేరు ఓల్డ్ నంబర్ వన్. బెంట్లీ వారి స్పీడ్ సిక్స్ రకం. ఫ్రాన్సులో లమాన్ అనే ఊళ్లో 24 గంటలపాటు, రాత్రనక పగలనక జరిగే పందెంలో 1929లో గెలిచింది. 1930లో మళ్లీ అదే గెలిచింది. రెండుసార్లూ నడిపిన జంటలో ఒకడు వూల్ఫ్ బార్నాటో. కంపెనీకి ఛైర్మనూ ఆయనే. సొంత కంపెనీ కారుని సొంత చేతుల్తో గెలిపించుకున్నాడన్నమాట. 1931లో ఆ కంపెనీ చితికిపోయి రోల్స్‌రాయిస్ వారి చేతికి పోయింది. కారు మాత్రం పందేలు మానలేదు. 1932లో దాని చట్రం మార్చారు, 8 లీటర్ల పెద్ద ఇంజను ఎక్కించారు. ఆ ఏడు సెప్టెంబరులో బ్రూక్‌లాండ్స్‌లో 500 మైళ్ల పందెం. అక్కడి దారి మలుపుల్లో పళ్లెం అంచులా పైకి లేచి ఉంటుంది. ఆ అంచు దాటి కారు ఎగిరిపోయింది. నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. అతని భార్య జేన్ బాక్‌స్టర్ నటి. పెళ్లయి ఎన్నో ఏళ్లు కాలేదు.

ఆ తరవాత విరిగిన కారుని బాగుచేయించి, పైకప్పుతో మూసిన బండిగా కట్టించి, బార్నాటో రోడ్డుమీద తిప్పుకున్నాడు. ఇంకా ఎన్నో ఏళ్లకి మళ్లీ పాత పందేల రోజుల రూపం దానికి తొడిగారు. 1990లో కోటి పౌన్ల బేరానికి వచ్చింది. కొంటామన్నవాళ్లు చివర్లో కాదుపొమ్మన్నారు. ఇది అసలు ఓల్డ్ నంబర్ వన్ కానేకాదు పొమ్మన్నారు. అమ్మే ఆయన కోర్టుకెక్కాడు.

మనకైతే గీటురాయి ఉంది. కారుకి ఏం గీటురాయి? ఉందిట. చట్రంమీదా ఇంజనుమీదా కొట్టిన నంబర్లు చూస్తారు. నంబరు కలిస్తే చాలదు, ఆ అంకెల వంపు ఆనాటి కంపెనీ అచ్చుదేనా, తరవాత ఎవరో సుత్తి పుచ్చుకుని కొట్టిందా అని భూతద్దం పెడతారు. కంపెనీ పాత రిజిస్టర్లు తిరగేస్తారు. పాత ఫొటోల్లో ఒక్కొక్క మేకు ఎక్కడుందో లెక్కపెడతారు. రంగు ఎంత మందాన ఉందో కొలిచే పనిముట్టు ఒకటి. పెళ్లిచూపుల్లో మా పెద్దత్తయ్య కూడా ఇంత పరీక్ష చెయ్యలేదు.

ఈ పరీక్షలన్నీ అయ్యాక జస్టిస్ ఆటన్ తేల్చిందేమిటంటే, 1929లో గెలిచిన కారులోంచి, ఎప్పటివో చెప్పలేని చిల్లర సరంజామా తప్ప ఏమీ మిగల్లేదు. 1930 నాటివి మిగిలినవి మూడే. గేర్లపెట్టె తొడుగు, పెడల్ ఇరుసు, స్టీరింగ్ కడ్డీ. అంతే! అయినా ఇదే ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పిచ్చాడాయన. మొదటి రూపంలో లేదు, నిజమే. కాని ఎక్కడా ముక్కలై చెదిరిపోయి మళ్లీ కూర్చిందీ కాదు. మార్పుమీద మార్పు జరుగుతూనే ఒకే కథగా సాగివచ్చింది. ఆ పేరు నాదని చెప్పుకోగల బండి ఈ లోకంలో మరొకటి లేదు. అంచేత ఇదే.

మూడు ముక్కలకి కోటి పౌన్లా అని మావారు పకపకా నవ్వారు. నేను నవ్వలేదు. ఈ లెక్క మనవాళ్లు ఏనాడో వేశారు. మిళిందపన్హ అని పాలీ గ్రంథం ఒకటుంది. అందులో మిళిందుడనే యవనరాజు రథమెక్కి వస్తాడు. నాగసేనుడనే భిక్షువు అడుగుతాడు, ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని. ఏదీ కాదు. పోనీ అవన్నీ విడిచి రథం వేరే ఎక్కడన్నా ఉందా? లేదు. అవన్నీ కలిసి ఉన్నప్పుడు పెట్టుకున్న పేరు రథం అంటాడు రాజు. లండన్ జడ్జిగారు ఆ పుస్తకం చదివారో లేదో గాని, ఆయన ఒకడుగు ముందుకే వేశారని నాకనిపిస్తుంది. భాగాలన్నీ మారినా పేరు నిలుస్తుందిట, మధ్యలో తెగకుండా ఉంటే.

ఇక్కడే మన కాసులపేరు. అమ్మమ్మది అమ్మకొచ్చింది, అమ్మది నాకొచ్చింది. దారం ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు. కొక్కెం కొత్తది. ఒక కష్టకాలంలో నాలుగు కాసులు అమ్ముడుపోతే తరవాత వేరేవి కలిపారు. అయినా అది అమ్మమ్మ కాసులపేరే. మా పిన్ని తన వాటాకొచ్చిన గొలుసు కరిగించి నెక్లెస్ చేయించుకుంది. బంగారం అణువణువూ అమ్మమ్మదే, తరుగు పోగా. కాని అమ్మమ్మ గొలుసేదని అడిగితే పిన్ని దగ్గర జవాబు లేదు. జడ్జిగారి తీర్పు తప్పని ఎవరన్నా అంటే ఈ రెండు నగలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

తీర్పు వరకూ నాకు పేచీ లేదు. నాకున్న పేచీ అంతా బాగుచేసేవాళ్లతోనే.

అమెరికాలో పెబుల్ బీచ్ అనేచోట 1950 నుంచి పాతకార్ల అందాల పోటీ జరుగుతోంది. ఏళ్ల తరబడి అక్కడ గెలవాలంటే కారు అద్దంలా మెరవాలి. యజమానులు డబ్బు నీళ్లలా పోసి, కంపెనీలోంచి వచ్చిన రోజుకంటే నునుపుగా చేయించారు. ఆ రోజుల్లో పందెపు కార్ల రేకులు పనివాడు సుత్తితో చేత్తో సాగగొట్టినవి. ఎడంవైపు వంపు కుడివైపుకి అచ్చంగా కలవదు. తలుపు సందు ఒకచోట సన్నం, ఒకచోట వెడల్పు. బాగుచేసేవాడు ఆ తేడా సరిదిద్దేస్తే సొగసు పెరుగుతుంది. ఆ పనివాడి చెయ్యి మాత్రం చెరిగిపోతుంది. అరిగిన కాసులకి మెరుగు పెట్టిస్తే అమ్మమ్మ మెడకి ఒరుసుకున్న అంచు పోయినట్టే. మెరుగుతో పాటు ఒక పిసరు బంగారం కూడా పోతుందని మీకు నేను చెప్పాలా!

పర్వాలేదు, వాళ్లకీ బుద్ధి మారుతోంది. 2024లో అక్కడ మొదటి బహుమతి 1934 నాటి బుగాటీ టైప్ 59కి ఇచ్చారు. బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ ఒకప్పుడు వాడుకున్న పందెపు కారు. నల్లరంగు, పసుపుచార. ఆ రంగు మాసి, చిట్లి, వయసు చెబుతూ ఉంది. కొత్తరంగు వెయ్యకుండా ఉన్నదున్నట్టు కాపాడిన కారుకి పెద్ద బహుమతి రావడం అక్కడ అదే మొదలు.

బెంట్లీ మాటకొస్తే మరో చిక్కుంది. పాతరూపానికి తీసుకెళ్లాలంటే ఏ ఏటి రూపానికి? మూసిన బండి తీసేసి గెలుపు రోజుల రూపం తొడిగారు. చూసేవాడికి లమాన్ కనిపిస్తుంది, చప్పట్లు వినిపిస్తాయి. 1932 కనపడదు. బార్నాటో ఆ బండిని మూసి కట్టించుకున్నప్పుడు ఆయన మనసులో ఏముందో మనకి తెలీదు. ఆ రూపం తీసేశాక అడగడానికి జాడ కూడా లేదు. నేనైతే ఆ మూసిన బండినే ఉంచేదాన్ని, సగం ధర పలికినా సరే.

కోర్టులో ఇదే ఆ కారు, కాదు ఇది వేరు అని రెండు పక్షాలూ వాదించుకుంటున్న 1990లో జేన్ బాక్‌స్టర్ బతికే ఉంది. ఎనభై ఏళ్ల ముసలావిడ. 1932లో చట్రమూ ఇంజనూ మారిన ఆ బండి పాత బండేనా అని నిపుణులు లెక్కలు కడుతున్నారు. ఆవిడ భర్త ఎక్కి వెళ్లింది ఆ మారిన బండే.